ఖాళీ పీటకు దండమెందుకు? బొమ్మ ముందు నిలబడ్డ మనిషికి అర్థం ఎక్కణ్ణుంచి వస్తుంది

మా మేనత్తది కారంపూడి దగ్గర పల్లె. శుక్లాల ఆపరేషను అయ్యాక చెకప్పుకని చెన్నై వచ్చింది. డాక్టరు పదిన్నరకే పంపించేశాడు, తిరుగు రైలేమో రాత్రికి. బీచికి వెళ్దామంటే నల్లకళ్ళద్దాలు ఉన్నా ఎండ పడదు. టి.నగర్ జనంలో తోసుకుంటూ తిరిగే ఓపిక లేదు. "నీడపట్టున కాసేపు గడిపే చోటేదన్నా ఉంటే చూడరా అబ్బాయా" అంది. ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్ళాను.

"ఇదేనా చచ్చిన కాలేజీ?" అంది గేటు దగ్గర. మా తాతయ్య చెప్పిన మద్రాసు కబుర్లలో మిగిలిన పేరది. గడ్డి కూరిన జంతువులున్న మ్యూజియాన్ని ఇక్కడి అరవవాళ్ళు 'సెత్త కాలేజ్' అనీ, జూని 'ఉయిర్ కాలేజ్' అనీ పిలిచేవాళ్ళు. తెలుగువాళ్ళ నోట్లో అవి చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ అయ్యాయి.

జంతువుల వైపు పోకుండా ముందు అమరావతి శిల్పాల హాల్లోకి వెళ్ళాం. ఒక పలక ముందు అత్త ఆగింది. నడుమ ఒక ఆసనం. దాని మీద ఎవరూ లేరు. కింద రెండు పాదాల గుర్తులు, వెనక చెట్టు. అటూ ఇటూ మనుషులు వంగి దండం పెడుతున్నారు. ఆవిడ అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"పీట మీద ఎవళ్ళూ లేరు గదరా. మరి వీళ్ళంతా ఎవరికి దండం పెడతన్నారు?"

నాకు జవాబు తెలుసు. బౌద్ధ శిల్పంలో తొలి రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించడం అరుదు. ఆయన ఉన్నచోట ఖాళీ ఆసనం, పాదాలు, బోధివృక్షం, ధర్మచక్రం చెక్కేవారు. ఇదంతా చెబుదామని గొంతు సవరించుకుంటున్నాను. అంతలో ఆవిడే అంది: "ఓహో, మా కొణతాలకి మొక్కినట్టన్నమాట."

కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీరులు పోయి ఎనిమిది వందల ఏళ్ళ పైమాటే. అయినా వాళ్ళ పేరిట ఉన్న ఆయుధాలను, అంటే కొణతాలను, ఊళ్ళ నుంచి తీసుకొచ్చి వీర్ల గుడి దగ్గర మొక్కుతారు. మనిషి కనపడకపోయినా మనిషికే మొక్కడం అత్తకు చిన్నప్పటి నుంచి తెలిసిన పని. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదాన్ని ఆవిడ తన ఊరి తిరనాళ్ళలోంచి తీసుకొచ్చి అక్కడ పెట్టింది. పైగా సరిగ్గా పెట్టింది.

ఆ రోజు నుంచి నన్నొక ప్రశ్న పట్టుకుంది. గ్యాలరీకి వెళ్ళొచ్చిన వాళ్ళలో చాలామంది "బాగానే ఉంది గానీ మనకేం అర్థం కాలేదండీ" అంటారు. అర్థం అనేది బొమ్మలో ఎక్కడో దాచి ఉంటుంది, తాళంచెవి చదువుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది అని ఆ మాట వెనక నమ్మకం. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మాట వినిపిస్తుంది: "జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి. ఎవరికి ఎలా తోస్తే అదే అర్థం." నాకు ఈ రెండూ పొరపాటుగానే కనిపిస్తాయి. బొమ్మ ముందు నిలబడ్డ మనిషికి నిజంగా ఏం జరుగుతుందో గత వందేళ్ళలో కొందరు ఓపిగ్గా గమనించారు. వెయ్యేళ్ళ కిందట మన అలంకారికులు కూడా ఇదే గొడవ మీద గట్టిగా వాదించుకున్నారు. ఆ ముడి కొంచెం విప్పి చూద్దాం.

ఇరవై ఏడు సెకన్లు

ముందు కాలం సంగతి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే పరిశోధకులు ఆరు పేరున్న చిత్రాల దగ్గర 150 మందిని వాళ్ళకు తెలియకుండా గమనించి, ఎవరు ఎంతసేపు ఆగారో లెక్కపెట్టారు. 2001లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం సగటున 27.2 సెకన్లు. సగటును పెంచింది ఎక్కువసేపు నిలబడ్డ కొద్దిమందే. సగం సందర్భాల్లో 17 సెకన్లు దాటలేదు. పక్కనున్న వివరణ చదవడం కూడా అందులోనే. మళ్ళీ 2017లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర లెక్క తీస్తే సగటు 28.63 సెకన్లు, సగం సందర్భాల్లో 21 దాటలేదు. ఈ నడుమ పదహారేళ్ళలో చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, బొమ్మ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకోవడం వచ్చింది. సమయం మాత్రం పెద్దగా మారలేదు.

పదిహేడు సెకన్లలో ఏం అర్థమవుతుంది? పెళ్ళిలో వరసలో నిలబడి వధూవరుల మీద అక్షింతలు వేసి దిగిపోవడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి "అర్థం కాలేదు" అన్నవాళ్ళలో చాలామంది నిజానికి చూడలేదు, చూసుకుంటూ నడిచారు. తప్పు వాళ్ళది మాత్రమే కాదు. హాలు నిండా వందల బొమ్మలు పెట్టి, కూర్చునే బల్ల ఒక్కటి కూడా వెయ్యకపోతే మనిషి నడవక ఏం చేస్తాడు? 1916లోనే బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ ఈ అవస్థకు 'మ్యూజియం అలసట' అని పేరు పెట్టాడు. గాజు బీరువాల్లో అడుగున పెట్టినవి చూడటానికి మనిషి ఎలా వంగుతున్నాడో, ఎలా మెడ తిప్పుతున్నాడో ఫోటోలు తీయించి మరీ చూపించాడు. వందేళ్ళు దాటినా ఆ ఫోటోల్లోని నడుములే ఇప్పటికీ వంగుతున్నాయి.

అత్త ఖాళీ పీట ముందు ఎంతసేపు నిలబడిందో నేను చూసుకోలేదు. కొత్త కన్ను కదా, ఆవిడకు ప్రతిదీ నిదానంగా చూడాలని ఉంది. నాకైతే పక్క గదిలోకి వెళ్దామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది.

ఏం అడిగితే అది కనపడుతుంది

ఆల్ఫ్రెడ్ యార్బుస్ అని రష్యన్ శాస్త్రవేత్త ఒకాయన మనిషి కంటిపాప ఎటు కదులుతోందో నమోదు చేసే పరికరం తయారుచేశాడు. 1967లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన పుస్తకంలో ఒక ప్రయోగం చాలా ప్రసిద్ధి. చిత్రకారుడు రేపిన్ వేసిన ఒక బొమ్మ: ప్రవాస శిక్ష నుంచి ఒకడు చెప్పా పెట్టకుండా ఇంటికి తిరిగొచ్చాడు. గదిలో ఉన్నవాళ్ళు నిర్ఘాంతపోయి చూస్తున్నారు. ఆ ఒక్క బొమ్మనే ఒకే మనిషికి ఏడుసార్లు చూపించారు. ఒకసారి ఊరికే చూడమన్నారు. ఒకసారి ఈ కుటుంబానికి డబ్బెంతుందో అంచనా వెయ్యమన్నారు. ఇంకోసారి ఎవరి వయసెంతో చెప్పమన్నారు, మరోసారి ఈయన ఎన్నాళ్ళ తర్వాత ఇంటికొచ్చాడో చెప్పమన్నారు. చూపు నడిచిన దారిని గీతలుగా అచ్చువేస్తే ఏడు గీతలూ ఏడు రకాలు. డబ్బు సంగతి అడిగితే చూపు బట్టల మీదా, గదిలోని సామాను మీదా తిరిగింది. వయసు అడిగితే ముఖాల మీదే ఉండిపోయింది. ఎన్నాళ్ళకి వచ్చాడని అడిగితే ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి దూకుతూనే ఉంది.

బొమ్మ మారలేదు, మనిషీ మారలేదు. మనసులో ఉన్న ప్రశ్న మారింది, కన్ను దాని వెనకే పోయింది. అంటే మనం ముందు అంతా చూసేసి, తర్వాత తీరిగ్గా అర్థం చెప్పుకోవడం లేదు. చూపు అనేది అడుగుతూనే మొదలవుతుంది. ఈ సంగతి తెలిశాక గ్యాలరీ గోడలన్నీ నాకు కొత్తగా కనపడ్డాయి.

మరి ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వస్తుంది? మ్యూజియం సందర్శకుల మీద దశాబ్దాలు పనిచేసిన జాన్ ఫాల్క్ అనే అమెరికన్ పరిశోధకుడు దీనికి చాలావరకు మోటుగా, కాని ఉపయోగపడే జవాబు చెప్పాడు: ఆ రోజు మీరు ఎందుకొచ్చారో దాన్ని బట్టి. కుతూహలంతో వచ్చేవాళ్ళు ఉంటారు. ఊరు చూడ్డానికొచ్చి, ఇదీ చూశాం అనిపించుకుందామని వచ్చేవాళ్ళు ఉంటారు. శిల్పులు, విద్యార్థులు, సేకరించేవాళ్ళు తమ పని మీద వస్తారు. ఇంకొకరిని చూపించడానికి తోడొచ్చేవాళ్ళు కొందరు. ఊపిరి తీసుకోవడానికి, కాసేపు ప్రశాంతంగా ఉండటానికి వచ్చేవాళ్ళు కొందరు. ఇవి మనుషుల జాతకాలు కావు, ఒక్కరోజు వేసుకున్న వేషాలు. నేనే ఒక ఆదివారం కుతూహలంతో వెళ్ళి, ఇంకో ఆదివారం తోడుగా వెళతాను.

ఎగ్మూరులో కొంచెంసేపు కూర్చుంటే ఈ వేషాలన్నీ కనపడతాయి. చెన్నైకి ఆసుపత్రి పనుల మీద వచ్చే నెల్లూరు, చిత్తూరు, తిరుపతి జనం చాలామంది. రిపోర్టు సాయంత్రం నాలుగింటికి ఇస్తారు, అప్పటిదాకా ఎక్కడుండాలి? చేతిలో ఎక్స్‌రే కవరుతో నటరాజు ముందు నిలబడ్డ మనిషిని చూశాను. ఆయన ఏం చూస్తున్నాడో నాకు తెలియదు, కాని పదకొండో శతాబ్దపు చోళుల లోహశిల్పం గురించి ఆలోచిస్తున్నాడని మాత్రం అనుకోను.

కంచు విగ్రహాల భవనం దగ్గర ఇంకో తమాషా ఉంది. తిరువాలంగాడు నటరాజు, తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడు లాంటివి అక్కడున్నాయి. చదువుకున్నవాళ్ళు వాటి నడుము వంపునీ, చేతి వేళ్ళనీ చూసి మురిసిపోతారు. వాటిని పోత పోసిన రోజుల్లో ఆ నడుము ఎవరికీ పెద్దగా కనపడేది కాదు. అవి ఊరేగింపు మూర్తులు. పట్టుబట్ట, నగలు, పూలదండలు వేశాక బయట కనపడేది ముఖం, పాదాలు, మహా అయితే ఒక చెయ్యి. మ్యూజియం బట్టలు తీసేసి, దీపారాధన తీసేసి, పైనుంచి లైటు వేసి, దేవుణ్ణి 'కళ' చేసింది. అయినా చెప్పులు ఒక పక్కకు విడిచి దండం పెట్టుకునేవాళ్ళు ఆగలేదు. కాపలా ఆయన కూడా ఏమీ అనడు. ఒకే విగ్రహం ముందు ఒకరు శిల్పం చూస్తున్నారు, ఇంకొకరు స్వామిని చూస్తున్నారు. ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు కాబట్టి ఒకటే చూస్తున్నారనుకోవడం మన భ్రమ. (ఉత్సవ విగ్రహం అనే మాటని మనం పెత్తనం లేని పెద్దమనుషులకు వాడతాం. ఈ హాల్లో నిలబడ్డాక ఆ వాడుక విగ్రహాలకు అన్యాయం అనిపించింది.)

దేన్ని చూసి అలా అన్నావు?

ఇక అసలు చిక్కు. ఎవరి ప్రశ్న వాళ్ళదే అయితే, ఎవరి చూపు వాళ్ళదే అయితే, అందరూ కరెక్టేనా?

మా ఆఫీసులో ఒక నెల్లూరు కుర్రాడున్నాడు. అత్త వెళ్ళాక ఒక ఆదివారం వాణ్ణి తీసుకుని మళ్ళీ వెళ్ళాను. గోడ మీద పేరు చదివి "అమరావతి అంటే మన రాజధానేనా సార్?" అన్నాడు ముందు. 2015లో శంకుస్థాపన జరిగినప్పుడు వాడు స్కూల్లో ఉన్నాడు. వాడికి ఆ పేరు చెవిన పడిందే రాజధానిగా. మా అత్తకు అమరేశ్వరుడి గుడి, నాకు సాంఘికశాస్త్రం పాఠం. ఒకే ఐదక్షరాలు, మూడు తలుపులు.

నలగిరి ఏనుగు పతకం అక్కడే ఉంది. గుండ్రటి రాతి ఫలకం, దాదాపు రెండో శతాబ్దపు పని. కుర్రాడు ఒక్క చూపు చూసి తేల్చేశాడు: "రెండేనుగులు కొట్టుకుంటున్నాయి. ఒకటి ఓడిపోయి కూలబడింది."

నాకు నవ్వొచ్చింది గానీ సరిదిద్దలేదు. దానికో కారణం ఉంది. న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో 1980ల చివర్లో ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడింది. అక్కడి విద్యావిభాగం పెద్ద ఫిలిప్ యెనవైన్. వాళ్ళ ఉపన్యాసాలు, టూర్లు జనానికి బాగా నచ్చుతున్నాయి. కాని విన్నదాంట్లో ఏం మిగిలిందని అబిగైల్ హౌజెన్ అనే మనోవిజ్ఞాన పరిశోధకురాలి చేత పరీక్ష చేయిస్తే, దాదాపు ఏమీ మిగల్లేదని తేలింది. చెప్పిందంతా చెవి నుంచి చెవికి పోయింది. హౌజెన్ అప్పటికే జనాన్ని బొమ్మ ముందు నిలబెట్టి, మనసుకు తోచిందల్లా పైకి చెప్పమని, ఆ మాటలన్నీ రాసుకుని అధ్యయనం చేస్తోంది. కొత్తగా చూసేవాళ్ళు కనపడినవాటిని పోగేసి కథ అల్లుతారని, చూపు ముదిరేకొద్దీ పనితనం, కాలం, శైలి, చివరికి మళ్ళీ స్వంత జ్ఞాపకం వరకు ఐదు దశలుంటాయని ఆమె లెక్క. ఆ దశల వరస ఎంతవరకు నిలుస్తుందో గాని, ఇద్దరూ కలిసి తయారుచేసిన పద్ధతి మాత్రం నిలిచింది. బొమ్మ గురించి పాఠం చెప్పకుండా మూడు ప్రశ్నలు అడగడమే ఆ పద్ధతి. ఇందులో ఏం జరుగుతోంది? దేన్ని చూసి అలా అంటున్నావు? ఇంకేం కనపడుతోంది?

మొదటిదీ మూడోదీ ఎవరైనా అడుగుతారు. ప్రాణమంతా నడిమి ప్రశ్నలో ఉంది. "నీకు తోచింది చెప్పు" అని వదిలెయ్యదు, "అది తప్పు" అని కొట్టెయ్యదు. మనిషిని మళ్ళీ బొమ్మ దగ్గరికి పంపిస్తుంది. కుర్రాణ్ణి అదే అడిగాను.

వాడు దగ్గరికి జరిగాడు. ఎడమ వైపు ఏనుగు తొండంతో ఒకణ్ణి పట్టి లాగుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. ఒకావిడ జడుసుకుని పక్కనున్న మగమనిషిని పట్టుకుంది. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. కుడి వైపు ఏనుగు మోకాళ్ళ మీద వంగి ఉంది. దాని ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు, వెనక భిక్షువులు.

"కొట్టుకుంటే ఈ ఏనుగు ఆ ఏనుగు వైపు తిరిగి ఉండాలి కదా" అన్నాడు వాడే. కాసేపాగి, "ఈ పక్క ఎవరూ పరిగెత్తట్లేదు." ఇంకాసేపు చూసి, "సార్... ఇది అదే ఏనుగా?"

అదే ఏనుగు. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించడానికి మదమెక్కిన నలగిరిని రాజగృహం వీధుల్లోకి వదిలిన కథ అది. శిల్పి ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ మధ్యలో గీత గియ్యకుండా ఒకే గుండ్రంలో చెక్కాడు. కుర్రాడికి కథ తెలియదు. అయినా బొమ్మ చెప్పినదాన్ని బట్టి తన మొదటి అర్థాన్ని తనే కొట్టేసుకున్నాడు. నా దృష్టిలో అర్థం పుట్టే చోటు ఇదే. మనం బొమ్మ మీదికి ఒకటి విసురుతాం, బొమ్మ దాన్ని తీసుకుంటుంది లేదా తిప్పికొడుతుంది. తిప్పికొట్టినప్పుడు మళ్ళీ చూడటానికి అక్కడే నిలబడ్డామా లేదా అన్నదే తేడా. అత్త విసిరిన కొణతాల్ని ఆ ఖాళీ ఆసనం తీసుకుంది. కుర్రాడి ఏనుగుల కొట్లాటను పతకం తిప్పికొట్టింది. ఆ రెండూ వాళ్ళ సొంత సరుకే.

రాయి సంగతి కూడా అంతే. ఆ రోజు అత్త నన్ను గోడ మీద పలక చదవమంది. అక్కడున్నవి తమిళం, ఇంగ్లీషు, రెండూ ఆవిడకు రావు. "ఇంగ్లీషువాళ్ళు వీటిని అమరావతి మార్బుల్స్ అనేవాళ్ళు అత్తా, అంటే చలవరాళ్ళు" అన్నాను నా పాండిత్యం కొద్దీ. "చలవరాయేందిరా, ఇది మా పల్నాటి సున్నపురాయి గదా" అంది. ఆవిడ మాటే నిజం. అమరావతి స్తూపానికి వాడింది పల్నాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తెచ్చిన ఈ రాళ్ళకు 'ఇలియట్ మార్బుల్స్' అని పేరు పడిపోయింది, 1859లో వాటిలో 121 ముక్కలు లండన్‌కి పోయాయి, ఇప్పటికీ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అంత ప్రయాణంలో ఎవరి నోటా పోని తప్పుడు పేరు ఆ రాతినేల మీద పెరిగిన మనిషి కంటికి ఆగలేదు. 'మన రాళ్ళు ఇక్కడెందుకున్నాయి' అనే బాధ ఈ హాల్లోకి వచ్చే ప్రతి తెలుగువాడికీ ఎంతో కొంత కలుగుతుంది. అదీ ఒక అర్థమే, శిల్పికి మాత్రం అది కలలో కూడా తోచి ఉండదు.

సొంత గొడవ తలుపా, అడ్డుగోడా

మెదడు లోపల ఏం జరుగుతుందో కూడా చూశారు. 2012లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ వెసెల్ బృందం 16 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి 109 చిత్రాలు చూపించింది. ఎంత కదిలించిందో ఒకటి నుంచి నాలుగు వరకు మార్కులు వెయ్యమంది. ఒకరి నాలుగుకూ ఇంకొకరి నాలుగుకూ పొంతన లేదు, జిహ్వకో రుచి సామెత అక్కడ గెలిచింది. ఆశ్చర్యం ఇంకో చోట ఉంది. మన మెదడులో కొన్ని ప్రాంతాలు మనం మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు, ఏదో పరధ్యానంలో ఉన్నప్పుడు చురుగ్గా ఉంటాయి. కళ్ళు బయటి పని మీద ఉంటే అవి అణిగిపోతాయి. ఒకటి, రెండు, మూడు మార్కుల బొమ్మలకు అలాగే అణిగి ఉన్నాయి. నాలుగు పడిన బొమ్మ దగ్గర మాత్రం లేచాయి. బయటికి చూస్తూనే మనిషి లోపలికి చూసుకుంటున్నాడన్నమాట.

ఇది చదివి "చూశారా, అంతా సొంత అనుభవమే" అని చప్పట్లు కొట్టబోయాను. అప్పుడే అభినవగుప్తుడు అడ్డొచ్చాడు.

పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం మొదట్లో కశ్మీరంలో ఉన్న ఈయన నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యలో రసం ప్రేక్షకుడిలో ఎలా పుడుతుందో తేల్చడానికి పెద్ద చర్చే చేశాడు. ఆయన మాట్లాడింది నాటకం గురించి, గోడకు తగిలించిన బొమ్మ గురించి కాదు. అయినా ఇక్కడ పనికొస్తుంది. ప్రేక్షకుడికి ఆయన వాడిన పేరు సహృదయుడు. రసం కలగాలంటే అతనిలో ముందే వాసనలు ఉండాలి. వాసనలంటే పాత అనుభవాలు మనసులో వదిలిన మరకలు. ఏడవడం తెలియనివాడికి కరుణ అందదు. ఇంతవరకూ ఈనాటి పరిశోధకులు చెప్పేదే. కాని ఆ తర్వాత ఆయన రసానికి అడ్డొచ్చే ఏడు విఘ్నాల పట్టిక ఇస్తాడు. అందులో ఒకటి నిజసుఖాది వివశీభావం, అంటే తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి వశం తప్పడం. మన అనుభవం లేకపోతే రసం లేదు, మన అనుభవంలోనే కూరుకుపోతే కూడా రసం లేదు!

ఇది మెలిక పెట్టడానికి చెప్పిన మాట కాదు, నాకు అనుభవమైంది. అర్ధనారీశ్వరుడి విగ్రహం ముందు ఒకసారి పావుగంట నిలబడ్డాను. ఆ పొద్దున ఇంటి లోను గురించి బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. పావుగంటలో నేను చూసింది వడ్డీ లెక్క. పదిహేడు సెకన్ల వాళ్ళకన్నా చాలా ఎక్కువసేపు నిలబడ్డానని గొప్ప చెప్పుకోవచ్చు, చూసింది మాత్రం సున్నా. ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఆయన గురించి ఇందాక వెటకారంగా రాశాను గాని, ఆ రోజు నేనూ ఆయనా ఒకటే.

దీనికి మందు కూడా అభినవగుప్తుడే చెప్పాడు. నాటకశాలలో పాట, వాద్యం, అలంకరించిన మండపం ఇవన్నీ ఎందుకంటే, సొంత గొడవతో లోపలికొచ్చిన మనిషిని కాసేపు దాన్నించి తప్పించడానికట. మ్యూజియం భాషలోకి మారిస్తే చల్లటి గది, తక్కువ బొమ్మలు, కూర్చోవడానికి ఒక బల్ల. గిల్మన్ నడుము నొప్పి దగ్గర మొదలుపెట్టి చెప్పిందీ, అభినవగుప్తుడు రసం దగ్గర మొదలుపెట్టి చెప్పిందీ ఒకే గదిలోకి వచ్చి కలిశాయి.

మరి గుర్తొచ్చిన సొంత సంగతి అడ్డుగోడ ఎప్పుడవుతుంది, తలుపు ఎప్పుడవుతుంది? ఆయన పరంపరలో దీనికి వాడే మాట సాధారణీకరణం. అంటే 'నా' దుఃఖం, 'వాడి' దుఃఖం అనే చీటీలు ఊడిపోయి దుఃఖం ఒక్కటే మిగలడం. కొణతాల దగ్గర అత్తకు జరిగింది అదేననుకుంటాను. ఆవిడ "మా ఊరే గొప్ప" అనలేదు. తన ఊళ్ళో తెలిసిన ఒక పనిని, రెండు వేల ఏళ్ళ నాటి ముక్కూ మొహం తెలియని మనుషుల చేతుల్లో గుర్తుపట్టింది. ఊరి జ్ఞాపకంలోకి వెళ్ళి అక్కడే కూర్చోకుండా, దాన్ని పట్టుకుని మళ్ళీ రాయి దగ్గరికి వచ్చింది.

చదవాలని చూస్తే చదవనివ్వనిది

కథ లేని బొమ్మల దగ్గర ఇదంతా పనిచేస్తుందా అని అనుమానం రావచ్చు. చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు. పణిక్కర్ 1960లలో మొదలుపెట్టిన 'పదాలు, చిహ్నాలు' వరసలో బొమ్మ నిండా ఏదో లిపి ఉంటుంది. గళ్ళు, లెక్కలు, గుర్తులు, మధ్యలో చిన్న చిన్న ఆకారాలు. దగ్గరికెళ్ళి చదవబోతే అది ఏ భాషా కాదు.

అక్కడ మనవాళ్ళు పడే తంటా చూడాలి. తల వంచి, కళ్ళు చిట్లించి, "మలయాళమా?" "కాదు, గ్రంథ లిపేమో" అనుకుంటారు. చదవడం రాకపోయేసరికి మొహం చిన్నబోతుంది. నేనూ మొదటిసారి అలాగే చిన్నబోయాను. రెండోసారి చూస్తే ఆ గళ్ళలో మా నాన్న బీరువాలో దాచిన జాతకచక్రం కనపడింది. చిన్నప్పుడు దాన్ని తెరిచి చూస్తే ఏమీ అర్థమయ్యేది కాదు, కాని అందులో నా గురించే ఏదో రాసి ఉందని తెలుసు, ఒళ్ళు ఝల్లుమనేది. పణిక్కర్ జాతకాల కాగితాల నుంచే ఈ రూపం తీసుకున్నాడని తర్వాత చదివాను. చదవలేకపోవడమే ఆ బొమ్మ ఇచ్చే అనుభవం. 'అర్థం కాలేదు' అని సిగ్గుపడి వెళ్ళిపోయినవాళ్ళకు నిజానికి బొమ్మ సగం అందింది, ఆ సంగతి వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు, అంతే.

అందుకని నాకు గైడ్ల మీద, పెద్ద పెద్ద వివరణ పలకల మీద కొంచెం గుర్రుగా ఉంటుంది. సమాచారం వద్దని కాదు. ఖాళీ ఆసనం గురించి తెలియకపోతే కుర్రాడు దాన్ని దాటుకుని పోయేవాడే. కాని అత్త అడగకముందే నేను చెప్పేసి ఉంటే, కొణతాలు ఆవిడ నోట్లోనే ఉండిపోయేవి. "అట్లాగా" అని తలూపి పక్క గదికి నడిచేది. నాకు జవాబు తెలిసి ఉండటం ఆ రోజు ఎంత ప్రమాదానికి దగ్గరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఊరెళ్ళిన పది రోజులకు అత్త ఫోన్ చేసింది. కంటిచుక్కలు ఇంకెన్నాళ్ళు వెయ్యాలో డాక్టర్ని కనుక్కోమని. పెట్టేసే ముందు అంది: "అబ్బాయా, ఆ ఏనుగు బొమ్మలో దాని తొండానికి చిక్కినోడు ఉన్నాడే, వాడు బతికాడా?"

"ఏనుగు లొంగిపోయింది కదత్తా."

"ఏనుగు సంగతి కాదురా. వాడు."

తర్వాతి ఆదివారం వెళ్ళి పతకం ముందు చాలాసేపు నిలబడ్డాను. కుడి సగంలో భిక్షువుల వెనకా, ఏనుగు కాళ్ళ దగ్గరా వెతికాను. వాడు నాకు ఎక్కడా కనపడలేదు. అత్తకు ఇంకా ఫోన్ చెయ్యలేదు.